ట్రైలరెక్కిన రుబ్బురోలు

నన్నిచ్చి పెళ్ళి చేసేముందు మా నాన్న మా ఆయన గురించి చేసిన వాకబు కన్నా, 1984 ఎండాకాలంలో మా ఆయన ఒక పికప్ ట్రక్కు గురించి చేసిన వాకబు ఎక్కువ.

ట్రైలర్ ముందే కుదిరింది. ఆయనతో ల్యాబులో పనిచేసే ముసలాయన రిటైరై ఫ్లోరిడా వెళ్ళిపోతూ తన క్యాంపర్ ట్రైలర్‌ని అమ్మకానికి పెట్టాడు. చూడగానే నాకు నచ్చేసింది. లోపల రెండు మంచాలు, చిన్న స్టవ్, సింకు, కిటికీలకు పసుపుపచ్చ కర్టెన్లు. పెళ్ళికూతురు సిద్ధంగా ఉంది. ఇక దాన్ని లాక్కెళ్ళే పెళ్ళికొడుకు దొరకాలి.

మా ఆయన పేరు దైవాశీర్వాదం. మందుల కంపెనీలో కెమిస్టు. తూకంలో గ్రాములో వెయ్యోవంతు తేడా వస్తే ఆ పూట అన్నం సయించని మనిషి. అలాంటాయన ట్రక్కు కోసం న్యూజెర్సీ అంతా తిరిగారు. ఒక ట్రక్కుని చూసి, కొండెక్కేటప్పుడు ఆయాసపడుతుందన్నారు. ఇంకోదానికి వెనక స్ప్రింగులు నీరసమన్నారు. ఒకటి అన్నివిధాలా బాగుంటే, దాని రేడియేటర్ ఆయన మనసుకి పట్టలేదు.

“ఏ ట్రక్కయితే ఏమండీ, ట్రైలర్ బరువు మోస్తానంటోందిగా?” అన్నాను ఒకరోజు విసుగొచ్చి.

“ఖాళీ ట్రైలర్ బరువు చూస్తే చాలదు వసంతా. నీళ్ళు, గ్యాసు, మన సామాను, అన్నీ కలిపి చూడాలి. మొత్తం కలిపి ట్రక్కు లాగగలిగేదాంట్లో ముప్పాతిక దాటకూడదు. అదీగాక బరువు ముందువైపు ఉండాలి, ట్రక్కుకి తగిలించే హిచ్ మీద కొంత పడాలి. బరువంతా వెనక్కి పోయిందనుకో, ట్రైలర్ తోకాడిస్తుంది.”

“తోకాడిస్తే?”

“కుక్క తోకాడిస్తే ముద్దుగా ఉంటుంది. ట్రైలర్ ఆడిస్తే మనం కాలవలో ఉంటాం.”

చివరికి ప్లెయిన్స్‌బరో అవతల ఒక రైతు దగ్గర, ఎనిమిది సిలిండర్ల ముదురాకుపచ్చ పికప్పు ఈయన పరీక్షలన్నిటికీ నిలిచింది. రెంటినీ మా ఇంటిముందు తగిలించి నిలబెట్టిన రోజున ఆయన రోడ్డుకి అవతలికి వెళ్ళి, చేతులు కట్టుకుని, ఈడూజోడూ చూసుకుని మురిసిపోయారు.

ఇంతకీ ఆ ట్రైలర్ మా ఇంటికి రావడానికి కారణం నేను.

పిస్కాటవేలో మాది పేరుకే ఇల్లు. నిజానికి సత్రం. బాపట్ల నుంచీ, నర్సాపురం నుంచీ చదువుకని వచ్చినవాళ్ళూ, ఉద్యోగం వెతుక్కునేవాళ్ళూ, ఉద్యోగం దొరికి ఇల్లు వెతుక్కునేవాళ్ళూ, అందరికీ మా ఆయన ఫోన్ నంబరు కంఠతా వచ్చు. “రెండ్రోజులు అన్నయ్యగారూ” అని వచ్చినవాళ్ళు రెండు నెలలుండేవారు. నేను నర్సుని. హాస్పిటల్లో పేషెంట్లకు చేసి, ఇంటికొచ్చి చుట్టాలు కాని చుట్టాలకు చేసేదాన్ని. వాళ్ళ మీద నాకు కోపం లేదు. అందరూ మంచివాళ్ళే. కోపమల్లా మా ఆయన మీద. అడిగిందే తడవు సరేననేవారు. నన్నొక్క మాట అడిగితే కదా! కాదనడం అనేది ఆ మనిషికి దేవుడు పెట్టి పంపలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళ సామెత ఒకటుంది. అది నేనిక్కడ రాయను.

పెళ్ళయి ఎనిమిదేళ్ళు. మా రేణుకి ఏడేళ్ళు. మేం ముగ్గురమే కూర్చుని అన్నం తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ వసంతకాలంలో ఓ సాయంత్రం గిన్నెలు కడుగుతూ కడుగుతూ నాకు ఏడుపొచ్చేసింది. ఏమైందో చెప్పమని ఆయన కంగారుపడిపోయారు.

“నాకొక్క వారం కావాలండీ. నాలుగో మనిషి లేకుండా. మీరూ, నేనూ, పిల్ల” అన్నాను.

ఆయన నా చేతిలోని గిన్నె తీసి పక్కన పెట్టారు. తర్వాత, “మాటిస్తున్నాను వసంతా” అన్నారు. టెన్నెసీలో కొండలున్నాయట, అక్కడ వాగు పక్కనే ట్రైలర్ పెట్టుకోవచ్చట, ల్యాబులో ముసలాయన చెప్పాడట. అలా వచ్చింది మా ఇంటికి ట్రైలర్. నాకు ఏ ఊరైనా ఒకటే. ఆ వారం మాత్రం కావాలి.

జూలైలో సామాను సర్దడం మొదలైంది. ఆయన బాత్రూములో ఉండే తూకం మిషన్ తెచ్చి హాల్లో పెట్టారు. ప్రతి వస్తువునీ చేత్తో పట్టుకుని దానిమీద ఎక్కడం, రేణు వంగి అంకె చదవడం, అందులోంచి తన బరువు తీసేయడం. నా ఇనప పెనం ఫెయిలయ్యింది, అల్యూమినియంది చాలన్నారు. బయట వేసుకుని కూర్చుందామని నేను కొన్న మడతకుర్చీలు ఫెయిలయ్యాయి, బండరాళ్ళుంటాయి కదా అన్నారు. నా బరువెంతని అడిగితే చెప్పాను. చెప్పినదానికి ఇంకో పదిహేను పౌండ్లు కలుపుకున్నారు.

“అదేంటండీ?”

“సేఫ్టీ కోసం” అన్నారు నావైపు చూడకుండా.

అప్పటికి అన్నీ సరిపోయాయి. ఆయన పెట్టుకున్న హద్దుకి ఇంకా కాస్త ఇవతలే ఉన్నాం.

ఆ ఆదివారం మా తెలుగు ప్రార్థన కూడికలో ఎవరితో అన్నారో ఏమో, టెన్నెసీ మాట బయటపడింది. అప్పట్లో మనవాళ్ళలో ఎవరైనా ఊరెళుతున్నారంటే అది వాళ్ళ సొంత ప్రయాణం కాదు. అందరి పార్సెల్ ఆఫీసు. అందులోనూ మాకు ఇల్లంత ట్రైలర్ ఉందాయె.

మా సంఘంలో పెద్దాయన సత్యానందం గారు ప్రార్థన అవగానే మా ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

“ఏం ఆశీర్వాదం, టెన్నెసీ వెళ్తున్నావంటగా! నాక్స్‌విల్‌లో మన భాస్కర్ వాళ్ళు కొత్తగా కూడిక మొదలుపెట్టారయ్యా. పాపం వాళ్ళకి పాటల పుస్తకాల్లేవు. ఓ రెండు పెట్టెలు పట్టుకెళ్ళు. దేవుని పని.”

“అలాగేనండి” అన్నారు మా ఆయన.

రెండు పెట్టెలు ఆరయ్యాయి. వీధి చివర ఉండే రాధారాణి వచ్చింది. “వదినా, మా తమ్ముడు నాక్స్‌విల్‌లోనే చదువుతున్నాడు కదా! అక్కడ ఇండియన్ షాపే లేదట, మినప్పప్పుకి మొహం వాచిపోయున్నాడు. ఏదో చిన్న సంచీ, మీ భాస్కర్ గారింట్లో పడేస్తే వాడొచ్చి తీసుకుంటాడు” అంది. ఆ చిన్న సంచీని వాళ్ళాయన రెండు చేతులా మోసుకొచ్చాడు. వెనకాల కందిపప్పుదీ, బియ్యానిదీ, చింతపండుదీ వచ్చాయి. ఇంకెవరో కుట్టుమిషన్ పంపారు. ఇంకెవరో ఇత్తడి గుండిగ.

“తూచారా?” అని అడిగాను.

“వాళ్ళెదురుగా ఎలా తూస్తాం? ప్రేమగా ఇస్తుంటే కాటా మీద పెడితే ఏం బాగుంటుంది?”

“వాళ్ళు వెళ్ళాక తూయండి.”

“తూచి ఎక్కువుంటే ఏం చేస్తాం? తిరిగిచ్చేస్తామా?”

పెళ్ళాం పెనాన్ని ఔన్సులతో సహా తూచిన మనిషి ఇదీ అనే మాట!

బయలుదేరే రోజు పొద్దున్న సత్యానందం గారు స్టేషన్ వ్యాగన్‌లో దిగారు. వెనక ఏదో దుప్పటి కప్పుకుని కూర్చుంది. దుప్పటి తీస్తే రుబ్బురోలు. వాళ్ళావిడ గుంటూరు నుంచి ఓడలో తెప్పించుకుంది. మిక్సీ కొన్నాక గ్యారేజీలో పడి ఉంది.

“భాస్కర్‌కి ఫోన్లో చెప్పాను, ఎంతో సంతోషించాడు” అన్నారాయన. “పట్టు ఆశీర్వాదం.”

ఇద్దరూ రొప్పుతూ, రోజుతూ దాన్ని ఎత్తి ట్రైలర్ తలుపులోంచి లోపలికి నెట్టారు. తలుపు వెనకవైపు ఉంది. రోలు ఆ తలుపు పక్కనే కూర్చుండిపోయింది. సత్యానందం గారు నడుం పట్టుకుని చెమట తుడుచుకుంటున్నారు. మా ఆయన రోలు వంక చూశారు, హిచ్ వంక చూశారు, పెద్దాయన వంక చూశారు. బరువు ముందుండాలని నెలరోజులు నాకు పాఠం చెప్పిన మనిషి, ఇంకొక్కసారి పట్టండి ముందుకి జరుపుదాం అని ఆ పెద్దాయనతో అనలేకపోయారు.

“రోట్లో తల పెట్టాం కదా, ఇక రోకటిపోటుకి భయపడితే ఎలాగండీ” అన్నాను నేను ట్రక్కెక్కుతూ. ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. నేనడిగిన వారం బయలుదేరకముందే లారీ సర్వీసైపోయింది.

మొదటిరోజు బాగానే గడిచింది. రెండోరోజు వర్జీనియా చివర, కొండల్లో ఒక పెద్ద దిగుడు వచ్చింది. మా పక్కనుంచి ఒక లారీ వేగంగా దాటిపోయింది. దాని గాలికి ట్రైలర్ ఒకసారి అటు ఊగింది. వెంటనే ఇటు ఊగింది. మూడోసారి ట్రక్కు వెనకభాగాన్ని కూడా ఈడ్చింది. మా ఇద్దరి మధ్యా కూర్చున్న రేణు నా చీర గట్టిగా పట్టుకుంది. మా ఆయన ట్రక్కు బ్రేకు తొక్కలేదు. కాలు వెనక్కి తీసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, ట్రైలర్‌కి వేరేగా ఉండే బ్రేకుని మాత్రం చేత్తో మెల్లమెల్లగా నొక్కారు. ఊగడం తగ్గింది. ఇంకా తగ్గింది. బండి రోడ్డు పక్కకి చేరి ఆగింది.

“డాడీ, దట్ వజ్ ఫన్” అంది రేణు చిన్న గొంతుతో. అది ఫన్ కాదని దానికీ తెలుసు.

ఆయన చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. నేను అనాలనుకున్నవన్నీ ఆయన తనకి తానే అనుకుంటున్నారని మొహం చూస్తే తెలిసింది.

మెల్లగా నడుపుకుంటూ, లారీలు ఆగే ఒక ట్రక్ స్టాపుకి చేరాం. అక్కడ లారీలు తూచే కాటా ఉంది. మా ట్రైలర్‌ని దానిమీద నిలబెడితే అంకె వచ్చింది. ఆయన పెట్టుకున్న హద్దు మీద ఎనిమిదొందల పౌండ్లు ఎక్కువ. హిచ్ మీద పడాల్సిన బరువు మాత్రం సగం కూడా లేదు.

“రోలుని ముందుకి జరిపి, నెమ్మదిగా పోతే పోవచ్చు వసంతా” అన్నారు ఆయన, నేలకేసి చూస్తూ. “నాక్స్‌విల్ ఇంక రెండు గంటలే.”

“పిల్లని ఎక్కించుకుని మళ్ళీ ఆ బరువుతోనా?”

ఆయన కాటా చీటీని మడిచి జేబులో పెట్టుకున్నారు.

“భాస్కర్ గారికి ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళమనండి.”

“ఏమనుకుంటారు? రెండు గంటలు డ్రైవ్ చేసి రమ్మంటే...”

“మీరు చేస్తారా, నన్ను చెయ్యమంటారా?”

అక్కడే గోడకి ఫోనుంది. నేనే చిల్లర వేసి నంబరు తిప్పాను. మోగుతుండగా ఆయన నా చేతిలోంచి రిసీవర్ తీసుకున్నారు. భాస్కర్ గారిది కంచుకంఠం. అవతలి మాటలన్నీ నాకూ వినిపిస్తున్నాయి.

“వందనాలండి, నేను ఆశీర్వాదాన్ని. మరేం లేదండీ, బరువెక్కువై ట్రైలర్ ఊగుతోంది. పిల్ల ఉంది. మీ సామాన్లు ఇక్కడ దించేసి వెళ్తున్నాం. మీరు వచ్చి తీసుకోవాలండి.”

“అయ్యో, దానికేం భాగ్యమండీ! ముందే చెప్తే మేమే ఎదురొచ్చేవాళ్ళం కదా! మా ఫ్రెండ్‌కి వ్యాన్ ఉంది, మధ్యాహ్నమే వస్తాం. అన్నట్టు, ఆ రోలు మాత్రం మీరే ఉంచేసుకోండి. మా ఇంట్లో గ్రైండర్ ఉంది. సత్యానందం గారు అంత ప్రేమగా పంపుతానంటే వద్దనలేక సరేనన్నాను.”

మా ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆ పెద్దాయనకి అక్కరలేదు. ఈ భాస్కర్ గారికీ అక్కరలేదు. మధ్యలో మేము దాన్ని మోసుకుంటూ కాలవలో పడబోయాం. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“మాకూ వద్దండీ. రోలు కూడా ఇక్కడే ఉంటుంది” అన్నారాయన.

“సరే సరే, చూద్దాం లెండి. ఇదిగో, ఒక మంచి మాట. శనివారం మేమంతా మీ క్యాంపుకే వచ్చేస్తాం. ఓ పదిహేనుమంది ఉంటాం. అక్కడే కూడిక, అక్కడే భోజనాలు. చెల్లెమ్మగారి చేతి పలావు గురించి విన్నాం. ఏ క్యాంప్‌గ్రౌండో చెప్పండి, రాసుకుంటాను.”

నేను రేణు జడ సవరిస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆయన నోటివెంట ఏమొస్తుందో నాకు తెలుసు. ఎనిమిదేళ్ళుగా విన్నదే. అలాగేనండి, తప్పకుండా రండి. అది విన్నాక నేను పిల్లని తీసుకుని బస్సెక్కి ఇంటికెళ్ళిపోదామని కూడా ఒక్క క్షణం అనిపించింది.

“అది చెప్పనండీ” అన్నారు మా ఆయన.

తలెత్తి చూశాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రిసీవర్‌ని రెండు చేతులతో పట్టుకున్నారు.

“ఏంటండీ? లైన్ సరిగ్గా లేదు.”

“లైన్ బాగానే ఉందండి. ఏ క్యాంప్‌గ్రౌండో చెప్పను. ఈ వారం మేం ముగ్గురమే ఉండాలనుకున్నాం. వచ్చే ఏడు పిలుస్తాం, తప్పకుండా రండి.”

భాస్కర్ గారు, “ఓహో, అలాగా! సరే అయితే, సంతోషంగా వెళ్ళిరండి” అన్నారు. గొంతు కొంచెం తగ్గింది. ఆకాశం మాత్రం విరిగి మీద పడలేదు.

ట్రక్ స్టాపు వాళ్ళ టైర్ల షెడ్డులో సామానంతా దించాం. కౌంటర్ దగ్గరి ఆవిడ రోలుని చూసి ఇదేమిటని అడిగింది. పిండి రుబ్బుకునేదని చెప్పాను. దీన్నెవరూ ఎత్తుకుపోరు, నాదీ హామీ అంది. తర్వాత తెలిసింది, భాస్కర్ గారు దాన్ని కూడా తీసుకెళ్ళారట. వాళ్ళావిడ అందులో మన్ను పోసి పుదీనా వేసిందట. ఆ సంగతి విని సత్యానందం గారు రెండు ఆదివారాలు మాతో ముభావంగా ఉన్నారు. మూడో ఆదివారం ఆయనే వచ్చి టెన్నెసీ విశేషాలడిగారు.

బరువు దిగిన ట్రక్కు కొండల్లో హాయిగా నడిచింది. వాగు పక్కన ట్రైలర్ పెట్టుకున్నాం. మొదటి రెండ్రోజులూ మా ఆయనకి ఏం చేయాలో తోచలేదు. ఎవరినీ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావక్కరలేదు, ఎవరికీ ఉద్యోగం వెతకక్కరలేదు. పొద్దున్నే లేచి ట్రైలర్ చక్రాలకి అడ్డం పెట్టిన చెక్కలు సరిచూసేవారు. మూడోరోజుకి అదీ మానేసి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, రేణుతో కలిసి నీళ్ళలో రాళ్ళు పేర్చారు. నాతో మాట్లాడారు. పెళ్ళికి ముందు తనకి నత్తి ఉండేదనీ, అవును కాదు అనే మాటల్లో అవును తేలిగ్గా వచ్చేదనీ ఆ వాగు దగ్గరే చెప్పారు. నాకు అంతవరకూ తెలీదు. ఎప్పుడూ ఇంటినిండా మనుషులుంటే ఎప్పుడు చెబుతారు?

గురువారం పొద్దున్న నేను కొళాయి దగ్గర నీళ్ళు పడుతుంటే, పొదల అవతల్నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

“ఒరేయ్, జారతావురా! ఇటు రా ముందు!”

సగం నిండిన డబ్బా పట్టుకుని, అడుగుల చప్పుడు కాకుండా వచ్చేశాను.

“ఏమండీ, తెలుగువాళ్ళు” అన్నాను గుసగుసగా.

“ఎక్కడ?”

“మూడో ట్రైలర్.”

ముగ్గురం లోపలికి దూరి కర్టెన్లు వేసుకున్నాం. ఆయన నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను, నవ్వాపుకోలేక రేణు దిండులో మొహం పెట్టుకుంది. మధ్యాహ్నం దాకా బయటికి వచ్చినప్పుడల్లా ఇంగ్లీషే మాట్లాడుకున్నాం. “డార్లింగ్, పాస్ మీ ద టవల్” అన్నారు మా ఆయన వాగు ఒడ్డున, గట్టిగా, తణుకు యాసలో. నేను నవ్వి నవ్వి నీళ్ళలో కూర్చుండిపోయాను.

సాయంత్రం చారు పెట్టాను. పోపు వేస్తున్నంతసేపూ ఆ సంగతే తట్టలేదు. ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు. కిటికీ తెరిచే ఉంది.

పది నిమిషాలకి తలుపు మీద చప్పుడైంది. ఆయన వెళ్ళి తీశారు. బయట నూలుచీర కట్టుకున్న ఒకావిడ, పక్కన ముక్కు తుడుచుకుంటున్న ఐదారేళ్ళ పిల్లాడు, వెనకాల మొహమాటంగా నిలబడ్డ ఒకాయన. అట్లాంటా నుంచి వచ్చారట. మూడురోజులుగా బ్రెడ్డు తింటున్నారట.

“ఏమీ అనుకోకండి. పోపు వాసన వచ్చింది” అంది ఆవిడ. “తెలుగువాళ్ళాండీ?”

మా ఆయన వెంటనే రండి అంటారని స్టవ్ దగ్గరే నిలబడి ఉన్నాను. ఆయన అనలేదు. తలుపు పట్టుకుని, వాళ్ళనలాగే బయట నిలబెట్టి, వెనక్కి తిరిగి నావైపు చూశారు. అవునంటే అవును, కాదంటే కాదు. ఏదైనా సరే, చెప్పాల్సింది నేనేనని ఎదురుచూస్తున్నారు.

నాకు కళ్ళు చెమర్చాయి. పోపు ఘాటని సర్దుకుని, చారులో ఇంకో గ్లాసు నీళ్ళు పోశాను.

“తెలుగువాళ్ళమే” అన్నాను. “లోపలికి రండమ్మా.”